విశాఖపట్నం నుంచి లండన్ హీత్రూకి విమానంలో ఎంత దూరం, ఎంత సమయం?

భూగోళం మీద దగ్గరి దారిలో కొలిస్తే దాదాపు 8,000 కిలోమీటర్లు. వైజాగ్ నుంచి నేరుగా విమానం లేదు, మధ్యలో మారాలి.

ఎక్కడ మారతారన్నదే ముఖ్యం. వైజాగ్–ఢిల్లీ సుమారు 1,360, ఢిల్లీ–లండన్ సుమారు 6,700. రెండూ కలిపినా 8,100 దాటదు, అంటే ఢిల్లీ దాదాపు దారిలోనే ఉంది. అదే సింగపూర్ మీదుగా వెళ్తే దూరం 13,500 కిలోమీటర్లు దాటిపోతుంది. టికెట్ కాస్త చౌకగా కనిపించినా పెద్దవాళ్లను అలా పంపొద్దని నా మాట.

గాల్లో ఉండే సమయం ఢిల్లీకి రెండు గంటల పైచిలుకు, అక్కడి నుంచి తొమ్మిది, పది గంటలు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక, మన సంస్థల విమానాలు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చి సమయం ఇంకా పెరిగింది. తిరుగు ప్రయాణంలో పడమటి నుంచి వీచే జెట్ స్ట్రీమ్ గాలి తోడవుతుంది కాబట్టి సాధారణంగా త్వరగా వస్తారు.

ఢిల్లీలో ఇమిగ్రేషన్, సెక్యూరిటీ ఉంటాయి. టెన్షన్ లేకుండా కనీసం మూడు, నాలుగు గంటల వ్యవధి ఉంచుకోండి. ఒకే టికెట్ మీద రెండు విమానాలూ బుక్ చేస్తే, మొదటిది ఆలస్యమైనా రెండోదాని బాధ్యత విమాన సంస్థదే.