చలికి క్యాంపర్ వ్యాన్ లోపల నీళ్లు కారుతుంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న చదవగానే మా మొదటి లంబసింగి రాత్రి గుర్తొచ్చింది. గుంటూరులో ట్రావెలర్ వ్యాన్‌ని లోపలే పడుకునే క్యాంపర్‌గా మార్పించుకుని పిల్లలతో వెళ్లామని, చలికి అద్దాలన్నీ బిగించి పడుకుంటే తెల్లారేసరికి పైకప్పు నుంచి నీళ్లు కారి పరుపు తడిసిందని రాశారు. రూఫ్ లీకవుతోందని బాడీ కట్టినవాళ్ల మీద పడాలా, గాలిలో తేమని లాగేసే డీహ్యూమిడిఫైయర్ కొనాలా అని అడిగారు. చినుకు పడని రాత్రి తడిసింది కాబట్టి లీకేజీ అనుమానం వదిలేయండి. మీరు వదిలిన ఊపిరే అలా నీరైంది.

మాది విజయవాడ. వ్యాన్ ఆటోనగర్‌లో చేయించాను. ఆ జనవరిలో నేను, మా ఆవిడ, బాబు వెళ్లాం. రాత్రి లోపలే ఉప్మా చేసుకున్నాం. చలిగాలి రాకుండా తలుపు సందుల్లో తువ్వాళ్లు కుక్కాను. మూడింటికి బాబు లేచి "నాన్నా, వాన" అన్నాడు. ఫోన్ లైటు వేసి చూస్తే పైన ప్లైవుడ్‌కి బిగించిన ప్రతి స్క్రూ తల మీదా ఒక్కో నీటి చుక్క, ముగ్గుకు పెట్టిన చుక్కల్లా వరసగా ఉంది. స్క్రూ ఇనుము బయటి రేకు చల్లదనాన్ని నేరుగా లోపలికి తెస్తుంది. అందుకే మొదట చెమర్చేది అదే, ఆ తర్వాత అద్దాలు.

లెక్క చూడండి. నిద్రలో ఒక మనిషి ఊపిరి, చెమట కలిపి రాత్రికి పావు లీటరు పైనే నీరు వదులుతాడు. ముగ్గురంటే ముప్పావు లీటరు. మా వ్యాన్ లోపల చోటు సుమారు 10 ఘనమీటర్లు. 15 డిగ్రీల దగ్గర అంత గాలి పట్టగలిగే నీటి ఆవిరి 130 గ్రాములకు మించదు. మిగతాది ఎక్కడికి పోతుంది? చల్లటి రేకు మీదికే. దానికి తోడు గ్యాస్ మండినా నీరే పుడుతుంది, కిలో గ్యాస్‌కి లీటరున్నర దాకా. గిన్నెలోంచి లేచే ఆవిరి వేరే. ఆ ఉప్మా మా కొంప ముంచింది.

అందుకే నేను చెప్పే అసలు మాట ఒక్కటే. ఆ తేమని లోపల పీల్పించాలని చూడకండి, బయటికి పంపండి. రెండు అద్దాలు, ఎదురెదురుగా, వేలెడు సందు ఉండేలా తెరిచి పడుకోండి. పైన చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే నెమ్మది స్పీడులో రాత్రంతా తిరగనివ్వండి.

ఈ మాట చెప్తే అందరూ అడిగేది ఒకటుంది. బయట అంత మంచు కమ్ముకుని ఉంటే, అద్దం తెరిస్తే ఇంకా తేమ రాదా అని. మా ఆవిడా ఇదే అడిగింది. రాదు. పొగమంచులో తేమ 100 శాతం చూపించినా, 5 డిగ్రీల గాలి ఘనమీటరుకి 7 గ్రాముల లోపే నీరు మోస్తుంది. అదే గాలి లోపలికొచ్చి 15 డిగ్రీలకు వెచ్చబడితే దాని తేమ, అది పట్టగలిగేదాంట్లో, సుమారు 51 శాతానికి పడిపోతుంది. అంటే బయటి చలిగాలి మనకు ఆరిన గాలి కిందే లెక్క. మన విజయవాడలో ఆగస్టు ఉక్కపోతలో కిటికీ తీస్తే తేమ లోపలికొస్తుంది కాబట్టి మనకు ఆ భయం అలవాటైపోయింది. లంబసింగిలో జనవరి తెల్లవారుజామున ఆ లెక్క తిరగబడుతుంది. కాస్త చలేస్తుంది, నిజమే. ఇంకో రగ్గు కప్పుకోండి.

వంట బయటే పెట్టుకోండి. తప్పనిసరై లోపల చేస్తే మూత పెట్టి, ఫ్యాన్ వేసి, అద్దం తీసి చేయండి. తడి చెప్పులు, తడి తువ్వాళ్లు లోపల ఆరేయకండి.

ఇంకొకటి, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. వెచ్చదనం కోసం గ్యాస్ స్టవ్ వెలిగించి ఉంచడం, బొగ్గుల కుంపటి లోపల పెట్టుకోవడం ఎప్పుడూ చేయొద్దు. మూసిన చోట కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది, దానికి వాసన ఉండదు, కన్ను మండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పిల్లలు ఉన్న బండి మీది. ఆ విషవాయువుని పట్టే అలారం ఒకటి తప్పకుండా పెట్టించండి. హీటర్ కావాలంటే మంట గాలి బయటినుంచే తీసుకుని పొగ బయటికే వదిలే డీజిల్ హీటర్ రకం చూడండి. దాని వేడి పొడిగా ఉంటుంది.

ఇక గోడల సంగతి. నేను ఎక్కువ నష్టపోయింది ఇక్కడే. మాకు రేకుకీ ప్లైవుడ్‌కీ మధ్య చలి ఆపే గ్లాస్‌వూల్ (గాజు దూది) నింపారు. రెండో శీతాకాలానికి లోపల ముక్క వాసన మొదలైంది. ప్యానెల్ విప్పితే గ్లాస్‌వూల్ పిండితే నీళ్లు కారేలా ఉంది, వెనక రేకు ఎర్రగా తుప్పు పట్టింది. మా మావయ్య గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో చేస్తారు. చూసి, "ఎండాకాలం టిక్కీ (మిర్చి బస్తా) బయటికి తీయగానే గోనె మీద చెమ్మ కమ్ముతుంది చూడు, ఇదీ అదే" అన్నారు. కోల్డ్ స్టోరేజీ గోడలో చెమ్మని ఆపే పొర బయటి వైపు వేస్తారట, ఎందుకంటే అక్కడ వేడి, తేమ ఉన్నది బయట. చలి ఊళ్లో మన వ్యాన్‌కి తేమ లోపల ఉంది. కాబట్టి ఆపాల్సింది లోపలి వైపునుంచి. అప్పుడు నాకు విషయం అర్థమైంది. గ్లాస్‌వూల్ అంతా పీకించి, ఏసీ పైపులకు చుట్టే నల్ల నైట్రైల్ రబ్బర్ షీటు రేకుకి ఖాళీ లేకుండా అంటించి, జాయింట్ల మీద అల్యూమినియం టేపు వేయించాను. అది నీరు పీల్చదు, గాలి దాని వెనక్కి పోదు. స్క్రూ తలల మీద కూడా చిన్న ముక్కలు అంటించాం. ఇది ఖర్చు పనే, కానీ నా డబ్బుల్లో ఇంత బాగా ఉపయోగపడింది ఇంకోటి లేదు.

పరుపు కింద కూడా చూడండి. ఒంటి వేడికి ఆవిరి పరుపులోంచి దిగి చల్లటి ప్లైవుడ్ దగ్గర నీరవుతుంది. మూడు రోజులు ఎత్తకపోతే నల్ల బూజు వస్తుంది. మేము పలకకి చిల్లులు పెట్టించి, పరుపు కింద కొబ్బరి పీచు చాప వేశాం. పొద్దున్నే పరుపు గోడకి నిలబెట్టి, అద్దాలు వైపర్‌తో గీసి, పొడిగుడ్డతో తుడుస్తాం. పది నిమిషాల పని.

డీహ్యూమిడిఫైయర్ అక్కడికి వద్దు. కంప్రెసర్ రకం చలిలో కాయిల్ మీద మంచు కట్టి సరిగా పనిచేయదు, బ్యాటరీ తాగేస్తుంది. బుల్లివి రాత్రికి గ్లాసుడు నీళ్లు కూడా తీయవు. సిలికా జెల్ తన బరువులో మూడో వంతు మాత్రమే పీలుస్తుంది, కాబట్టి బట్టల అరలో, కెమెరా బ్యాగులో పెట్టుకోండి చాలు. ఆ డబ్బుతో చిన్న హ్యూమిడిటీ మీటర్ ఒకటి కొనండి, తేమ 60 శాతం దాటితే అద్దం ఇంకాస్త దించండి.

ఇంటికొచ్చాక తలుపులన్నీ తీసి ఒక రోజు ఎండలో ఉంచండి. మీకూ లోపల గ్లాస్‌వూలే వేసి ఉంటే ఈ ఎండాకాలంలోనే ఒక ప్యానెల్ విప్పించి చూడండి. మొదట, వెనక చక్రం పైనున్న మూల విప్పమనండి. మాకు నీరంతా దిగి చేరింది అక్కడే.