డాక్టర్ సలహా: సర్పికి పథ్యం సంగతి తర్వాత.. ముందు కన్ను చూపించండి

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. బాపుకు 64 ఏండ్లు, 12 ఏండ్ల నుంచి షుగర్ ఉంది. నుదుటికి ఎడమ పక్క రెండు రోజులు ఒకటే మంట, గుంజుడు ఉంటే తలనొప్పి గోలీలు వేసుకున్నడు. నాలుగు రోజుల కింద అక్కడే నీటి పొక్కులు లేచినయ్. సర్పి అన్నరు. పసరు పూయించినం, ఆర్‌ఎంపీ రెండు ఇంజెక్షన్లు ఇచ్చిండు. కన్ను కొంచెం ఎర్రగుంటే మెడికల్ షాపుల చుక్కల మందు తెచ్చి వేస్తున్నం. షుగర్ 340 వచ్చింది. ఏం పథ్యం పెట్టాలె? సర్పికి టీకా ఉందట, ఇప్పుడు వేయించొచ్చా?

జవాబు: కన్ను ఎర్రబడిన సంగతి ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు భయమేసింది అక్కడే. నుదుటి మీద సర్పి లేస్తే అదే నరం ద్వారా కంటిలోకి పాకే ప్రమాదం ఉంటుంది. ముక్కు కొస మీద కూడా పొక్కు ఉంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. ఇది చదివిన రోజే కంటి డాక్టర్‌కు చూపించండి. వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉంది. రేపు, ఎల్లుండి అనొద్దు.

ఆ చుక్కల మందు పేరు రాయలేదు. అందులో స్టెరాయిడ్ ఉంటే, పరీక్ష చేయకుండా వాడడం కొన్ని పరిస్థితుల్లో కంటికే చేటు. కంటి డాక్టర్ చెప్పేదాకా ఆపండి. స్టెరాయిడ్ అవసరమైన కళ్లూ ఉంటాయి, కానీ అది లోపల చూసి తేల్చాల్సిన మాట, కౌంటర్ దగ్గర తేలేది కాదు. ఆ ఇంజెక్షన్లూ అంతే. స్టెరాయిడ్ అయితే షుగర్ 340 కావడానికి అవే కారణం కావచ్చు, ఇన్ఫెక్షన్ వల్లా పెరగొచ్చు, చూడకుండా నేను తేల్చలేను. సీసాలు, మందు డబ్బాలు పారేయకుండా వెంట తీసుకెళ్లండి. మంట తగ్గితే చాలని ఎవరేది ఇచ్చినా వేయించుకోవడం షుగర్ ఉన్నవాళ్లకు తగదు. ఎన్నిసార్లు చెప్పినా మనవాళ్లు మొదట పసరు దగ్గరికి, తర్వాత ఇంజెక్షన్ దగ్గరికి, ఆఖరికి మా దగ్గరికి వస్తారు.

సర్పికి వైరస్ మందు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలైతే బాగా పనిచేస్తుంది. ఆ గడువు దాటింది. అయినా కన్ను దెబ్బతిన్నా, కొత్త పొక్కులు లేస్తున్నా డాక్టర్లు ఇస్తారు. ఈ మందు మోతాదు కిడ్నీ పనితీరును బట్టి మారుతుంది, అందుకే క్రియాటినిన్ పరీక్ష తప్పదు. పాత చీటీ పట్టుకుని మీరే కొనకండి. షుగర్ మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు, పెంచొద్దు. అది చూసే డాక్టర్‌కు ఈ 340 సంగతి చెప్పండి.

చిన్నప్పుడు అమ్మవారు (చికెన్‌పాక్స్) పోసిన వైరస్సే నరాల మొదట్లో దాగి, వయసు మీదపడ్డాకో, ఒంట్లో శక్తి తగ్గాకో ఇలా లేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ. పొక్కులు ఎండాక కూడా మూడు నెలలు దాటి నరాల నొప్పి మిగలడం వీళ్లలో ఎక్కువే. అలా ఉంటే వేరే మందులున్నాయి, ఓర్చుకుంటూ కూర్చోనక్కర్లేదు.

సర్పికంటూ వేరే పథ్యం లేదు. గంజి, చారన్నం మీద పెట్టారంటే షుగర్ పెరుగుతుంది. తిండి మానేసి షుగర్ గోలీలు వేస్తే పడిపోతుంది. రోజూ తినేదే, వేళకు పెట్టండి. స్నానం చేయొచ్చు. పొక్కులు ఎండేదాకా చంటిపిల్లలు, అమ్మవారు పోయని గర్భిణులు దగ్గరికి రాకుండా చూడండి. వాళ్లకు సర్పి రాదు గానీ అమ్మవారు పోయొచ్చు.

టీకా ఇప్పుడు కాదు. అది వచ్చిన సర్పిని తగ్గించదు. పూర్తిగా మానాక, డాక్టర్ సరేనంటే వేయించొచ్చు. 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. 50 ఏళ్లు దాటినవాళ్లకు రెండు డోసులు, మధ్యలో రెండు నుంచి ఆరు నెలల ఎడం. ఖరీదు ఎక్కువే. మీ అమ్మగారికి కూడా షుగర్ ఉండి 50 దాటితే, ఆమె గురించి ఇప్పుడే అడగండి.