పెరూ ట్రిప్ చివరి రోజులు కొంచెం ఖాళీగా వదిలిపెట్టు బుజ్జీ

బుజ్జీ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ప్లాన్ మొత్తం చదివాను. మీ పెదనాన్న కూడా చదివారు. మొదటి సగం బాగానే ఉందిగానీ చివరి మూడు నాలుగు రోజులు మాత్రం నాకు అస్సలు నచ్చలా. తెల్లారుజామున కొండ మీది పాత ఊరు మాచుపిచ్చు, ఆ రాత్రికి కుస్కో ఊరు, మర్నాడు పొద్దున్నే మరాస్, మొరాయ్, చించెరో అనే చోట్లు మూడూ ఒక ట్యాక్సీలో, మధ్యాహ్నం లిమా ఫ్లైట్, అదే రాత్రి ఇంటికి ఫ్లైట్ అని రాశావు. నువ్వూ మీ ఆయనా అయితే ఎట్టాగో పరిగెత్తుతారు, కానీ మీతో అరవై దాటిన మీ అత్తగారు, మామగారు వస్తున్నారు, ఆయనకి బీపీ, ఆవిడకి మోకాళ్లు. పటమటలో లిఫ్ట్ ఆగిపోతే రెండో ఫ్లోర్ ఎక్కడానికే ఆవిడ మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటారని నువ్వే చెప్పావు కదా.

మేము మా అమ్మాయితో వెళ్లొచ్చినప్పుడు నాకు బాగా అర్థమైంది ఏంటంటే ఈ కొండ ఊళ్ల ట్రిప్‌లో అసలు జాగ్రత్త పడాల్సింది చివర్లోనే. మొదట్లో అందరూ జాగ్రత్తగానే ఉంటారు, నీళ్లు తాగుతారు, మెల్లగా నడుస్తారు, చివరికొచ్చేసరికి ఇంకా ఇది చూడలేదు అది చూడలేదు అనే ఆత్రంలో మిగిలినవన్నీ కుక్కేస్తారు. అట్టా చెయ్యమాక. మిగిలినవి మిగలనివ్వు. చివరి రోజులకి ముఖ్యమైనది ఏదీ పెట్టకుండా ఉంచితే, ముందు రోజుల్లో ఏది చెడిపోయినా అక్కడ సర్దుకోవచ్చు.

చెడిపోతుందా అంటే, అక్కడ బాగానే చెడిపోతుంది. మాచుపిచ్చు కింద ఉన్న ఆగువాస్ కాలియెంటెస్ అనే ఊరికి కారు రోడ్డే లేదు, ట్రైన్ ఎక్కాల్సిందే, లేదంటే నడక. 2010 జనవరిలో వానలకి పట్టాలు కొట్టుకుపోయి వేలమంది టూరిస్టులు అక్కడే ఇరుక్కుంటే హెలికాప్టర్లలో బయటికి తెచ్చారు. 2023 జనవరిలో దేశంలో గొడవలు జరిగి మాచుపిచ్చునే మూసేశారు, మళ్లీ ఫిబ్రవరి మధ్యలో గానీ తెరవలా. మీరు వెళ్లేది జూన్‌లో కాబట్టి వానల భయం లేదు, అక్కడ అది చలికాలమేగానీ వానలు పడని కాలం, పగలు సూర్యుడు కాల్చేస్తాడు, రాత్రి గడ్డకట్టే చలి. కానీ సమ్మెలకి సీజన్ ఉండదుగా. మాచుపిచ్చుని చివరి రోజుకి పెట్టుకుంటే, ఆ ఒక్క రోజు ట్రైన్ ఆగితే ఇంతదూరం వెళ్లింది దేనికో అదే పోయిద్ది.

అందుకని వరస మార్చు. లిమా నుంచి కుస్కో ఎయిర్‌పోర్ట్‌లో దిగగానే కుస్కోలో ఉండమాక, ట్యాక్సీ మాట్లాడుకుని అట్నుంచి అటే పక్కనున్న సేక్రెడ్ వ్యాలీ అనే లోయలోకి దిగిపోండి. కుస్కో 3,400 మీటర్ల ఎత్తు, ఆ లోయలో ఉండే ఒయాంటాయ్‌టాంబో 2,800 లోపు, మాచుపిచ్చు ఇంకా కిందే, 2,430. మన తిరుమల కొండ వెయ్యి మీటర్లు కూడా లేదు, అది గుర్తుపెట్టుకో. విజయవాడలో కృష్ణ ఒడ్డున బతికేవాళ్లం ఒక్కసారిగా కుస్కోలో దిగి ఆ రాత్రి అక్కడే పడుకుంటే తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం అన్నీ వస్తయ్. లోయలో రెండు రాత్రులు, తర్వాత మాచుపిచ్చు, ఆ తర్వాత చివర్లో కుస్కో. అప్పటికి ఒళ్లు కొంచెం అలవాటుపడి ఉండిద్ది, కుస్కోని సుఖంగా చూస్తారు. బయల్దేరే ముందే మామగారిని వాళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, బీపీ మాత్రలతో పాటు, ఎత్తు పడకపోకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వేసుకోవచ్చో లేదో అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. ఊపిరాడకపోయినా, దగ్గు ఎక్కువైనా, మాట తడబడినా ఇంకో రోజు చూద్దాం అనుకోవద్దు, వెంటనే కిందకి దిగాలి, డాక్టర్‌కి చూపించాలి.

మాచుపిచ్చు గురించి అందరూ వీడియోలు చేసేశారు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. టికెట్‌కి టైమ్ ఉంటది, దారి ఉంటది, ఇప్పుడు 3 సర్క్యూట్‌లు పెట్టారు. నీకూ మీ ఆయనకీ 2వది తీసుకోండి, పైనుంచి అందరూ దిగే ఆ ఫొటో, ఊరి లోపలా రెండూ వస్తయ్. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి 3వది, అది కింద భాగం, ఎక్కడం తక్కువ. ఒకసారి బయటికొస్తే మళ్లీ లోపలికి పంపరు, లోపల బాత్రూములు లేవు, గేటు బయటే ఉంటయ్, అత్తగారికి ఈ సంగతి ముందే చెప్పు, పాపం ఇబ్బంది పడతారు. ఒరిజినల్ పాస్‌పోర్ట్ తీసుకెళ్లాలి, టికెట్ మీద పేరు అక్షరం తేడా లేకుండా పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి, మనకి ఇంటిపేర్లు ముందుకీ వెనక్కీ మారుతుంటయ్ కాబట్టి ఇది మరీ చూసుకో. గేటు దగ్గర సరదాగా మాచుపిచ్చు ముద్ర వేసే చోటు ఉంటది, అది పాస్‌పోర్ట్‌లో వేయించొద్దు, అది ప్రభుత్వం ముద్ర కాదు, తర్వాత ఏ ఇమిగ్రేషన్‌లోనైనా అడిగితే తలనొప్పి. కావాలంటే ఒక నోట్‌బుక్‌లో వేయించుకోండి.

ఇప్పుడు చివరి రోజుల సంగతి. కుస్కోలో రెండు పూర్తి రోజులు పెట్టు. ఆ రెండు రోజులూ ట్యాక్సీ మాట్లాడద్దు, నడిచి చూడగలిగినవే చూడండి. ఊరి మధ్యలో ఉన్న ప్లాజా నుంచి దగ్గర్లోనే కొరికాంచ ఉంటది, స్పెయిన్ వాళ్లు రాకముందు అక్కడ ఏలిన ఇంకా రాజుల సూర్యుడి గుడి. గోడలకి తాపడం చేసిన బంగారు రేకులని స్పెయిన్ వాళ్లు 1533లో ఊడపెరుక్కుపోయి, ఆ గోడల మీదే చర్చి, మఠం కట్టారు. 1950లో భూకంపం వచ్చి పైన కట్టింది బాగా దెబ్బతింది, కింద ఇంకాలు సున్నం, మట్టి ఏమీ లేకుండా పేర్చిన రాళ్లు మాత్రం నిలబడి బయటికి కనపడ్డయ్. ఆ రాళ్ల దగ్గర నిలబడి కాసేపు చూడు, గోడ కొంచెం లోపలికి వాలి ఉంటది, తలుపులు కింద వెడల్పు పైన సన్నం, కదలికకి ఓర్చుకోవడానికే అట్టా కట్టారు. మీ మామగారు ఆర్ అండ్ బీలో ఇంజనీర్‌గా చేశారు కదా, ఆయన్ని అక్కడ తొందరపెట్టమాక, ఆయనకి కావాల్సినంత సేపు వదిలెయ్. అక్కడికి దగ్గర్లోనే ఒక సందులో పన్నెండు మూలల రాయి ఉంటది, 2025 ఫిబ్రవరిలో ఎవడో సుత్తితో కొట్టి దాన్ని పాడుచేశాడు, నాకు ఆ వార్త చూసి రెండ్రోజులు మనసు మనసులో లేదు.

తర్వాత తప్పకుండా వెళ్లాల్సింది కాసా కొంచా మ్యూజియం. చాలామంది దీన్ని వదిలేస్తారు. మాచుపిచ్చు చూసేశాం కదా ఇంకెందుకు అంటారు. చూసొచ్చాకే వెళ్లాలి. 1911 జులై 24న హైరమ్ బింగమ్ అనే అమెరికా ఆయన అక్కడి రైతు దారి చూపిస్తే పైకెక్కాడు, అప్పటికే అక్కడ కుటుంబాలు పొలం చేసుకుంటున్నయ్, అయినా కనిపెట్టిన పేరు ఆయనకొచ్చింది. మరుసటి ఏడాది నుంచి తవ్వి, కుండలు, ఎముకలు, పనిముట్లు అన్నీ యేల్ యూనివర్సిటీకి తీసుకెళ్లారు. చదువుకోవడానికి అని తీసుకెళ్లినవి వందేళ్లు తిరిగి రాలేదు. పెరూ వాళ్లు అడిగి అడిగి, కోర్టుకి కూడా వెళ్లి, 2010లో ఒప్పందం కుదిరాక 2011, 2012లో వెనక్కి తెచ్చుకున్నారు. అవే ఇప్పుడు కాసా కొంచాలో ఉన్నయ్. పైన కొండ మీద చూసేది ఖాళీ గోడలు. ఆ గోడల మధ్య వండుకున్న కుండలు, వాళ్లు పెట్టుకున్న పిన్నులు ఇక్కడ చూస్తే అప్పుడు ఆ ఊళ్లో మనుషులు కనపడతారు.

ఇది మన గుంటూరు వాళ్లకి ఇంకా తగులుద్ది బుజ్జీ. మన అమరావతి స్తూపం రాళ్లు ఎక్కడున్నయ్? కొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, కొన్ని లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ మెకంజీ 18వ శతాబ్దం చివర్లో వచ్చి చూసేటప్పటికే ఊళ్లో కట్టడాలకి రాళ్లు వాడేస్తున్నారు, 1845లో కంపెనీ అధికారి ఎలియట్ తవ్వించి మద్రాస్ తరలించాడు, అక్కడనుంచి కొన్ని ఓడెక్కినయ్. మన పిల్లలు లండన్ వెళ్లి చూసి రావాల్సొస్తుంది. కుస్కో వాళ్లు తమవి తెచ్చుకున్నారు, ఆ అద్దాల ముందు నిలబడితే నాకు ఎంత సంతోషమేసిందో అంత బాధా వేసింది. కాబట్టి నా మాట విని బయల్దేరే ముందు ఒక రోజు అత్తగారినీ మామగారినీ అమరావతి తీసుకెళ్లు, స్తూపం దిబ్బ చుట్టూ ఒకసారి తిరిగి, మ్యూజియం చూసి రండి. విజయవాడ నుంచి ఎంత దూరం, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు.

రెండో రోజు ఖాళీ. నిద్రలేచినప్పుడు లేవండి. శాన్ పెద్రో మార్కెట్‌కి వెళ్లండి. అక్కడ బంగాళాదుంపలు చూస్తే మనం ఇన్నాళ్లూ తిన్నది ఒక్క రకమేనా అనిపిస్తుంది, ఊదా, ఎరుపు, నలుపు, రాత్రి చలికి గడ్డకట్టించి పగలు ఎండబెట్టి ఏళ్లపాటు దాచే చూన్యో అని ఒకటి. మిరపకాయలు మాత్రం నువ్వు నా కోసం చూడు. మన మిర్చి యార్డ్‌లో టిక్కీలు టిక్కీలుగా కనపడే మిరప అసలు పుట్టింది అమెరికా ఖండాల్లోనే, పోర్చుగీసు వాళ్లతో మనకొచ్చింది. అక్కడ రొకోటో అని లావుగా గుండ్రంగా ఉండే కాయ, లోపల గింజలు నల్లగా ఉంటయ్, కారం మామూలుగా ఉండదు. మీ బాబాయ్ గింజలు తెమ్మంటాడు, తేవద్దు, పర్మిట్ లేకుండా విత్తనాలు తెస్తే ఇక్కడ ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు ఊరుకోరు, పైగా అది చల్లటి కొండల్లో పండే మొక్క, మన ఎండకి నిలబడదు.

అత్తగారు శాకాహారం కాబట్టి సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో అని, అంటే మాంసం, కోడి, చేప లేకుండా అని స్పానిష్‌లో మూడూ చెప్పండి, మాంసం వద్దు అని మాత్రమే అంటే చికెన్ వేసి ఇస్తారు. కూరగాయల సూప్ అన్నా కూడా కోడి నీళ్లతో చేస్తుంటారు, అడిగి తాగండి. కీన్వా, దుంపలు, జొన్నపొత్తులు అంటే మొక్కజొన్న, గుడ్డు తింటే గుడ్డు, వీటితో గడిచిపోయిద్ది. కందిపొడి ప్యాకెట్లు మొదటి వారంలోనే అవగొట్టకుండా రెండు చివరికి దాచు. అన్నం అక్కడ అంతటా దొరుకుద్ది, ఆ చివరి రోజుల్లో కందిపొడి అన్నం తింటే మీ అత్తగారు నిన్ను కలకాలం గుర్తుపెట్టుకుంటారు.

కొనేవన్నీ చివరికి పెట్టుకో, ముందే కొంటే ట్రైన్‌లో చిన్న బ్యాగే తీసుకెళ్లనిస్తారు, మోయలేక చస్తారు. చించెరో ఆడవాళ్లు నడుముకి కట్టుకుని నేసే మగ్గం చూస్తే మంగళగిరి నేతగాళ్ల కష్టం గుర్తొస్తది, పడుగు ఒక కొస గుంజకి, ఇంకో కొస వాళ్ల నడుముకి. ఎర్ర రంగు నాగజెముడు మీద బతికే చిన్న పురుగుని నలిపి తీస్తారు, నిమ్మరసం పిండితే రంగు మారిపోయిద్ది, అక్కడే చేసి చూపిస్తారు. అట్టా చేత్తో నేసింది కొంటే మరీ గీచి గీచి బేరం ఆడొద్దు, నెలలు పడతది ఒకటి నేయడానికి. రోడ్డు పక్క బేబీ అల్పాకా అని, అంటే అల్పాకా అనే అక్కడి జంతువు ఉన్ని అని చవగ్గా అమ్మేది చాలావరకు అక్రిలిక్. పాత కుండ పెంకు, పాత గుడ్డ ముక్క అని ఎవరన్నా చూపిస్తే ముట్టుకోవద్దు, పురాతన వస్తువులు దేశం దాటించడం నేరం.

అన్నిటికన్నా ముఖ్యంగా కోకా ఆకు, కొకైన్ తీసేది దీన్నుంచే. హోటల్లో టీ ఇస్తారు, అక్కడ అది మామూలే, తాగాలనుకుంటే తాగండి. కానీ ఒక్క టీ బ్యాగ్ కూడా, కోకా చాక్లెట్ కూడా సూట్‌కేసులో రాకూడదు. మన 1985 నాటి మత్తుమందుల చట్టం, ఎన్‌డీపీఎస్ కింద కోకా ఆకు మత్తుమందు లెక్కే, దారిలో మారే దేశాల్లో కూడా ఇబ్బందే. మామగారు బాగుందని నాలుగు ప్యాకెట్లు జేబులో వేసుకునే రకం, బయల్దేరే ముందు రాత్రి అందరి జేబులూ, హ్యాండ్‌బ్యాగులూ నువ్వే స్వయంగా చూడు.

కుస్కో నుంచి లిమాకి ఇంటి ఫ్లైట్‌కి ముందు రోజే వచ్చెయ్. వాతావరణం బాగోకపోతే కుస్కో ఫ్లైట్లు ఆగుతయ్, రెండూ వేర్వేరు టికెట్లు అయితే తర్వాతది పోయినా ఎవరూ బాధ్యత తీసుకోరు. లిమా సముద్రం ఒడ్డు, అందరికీ ఊపిరి తేలికవుద్ది. జూన్‌లో అక్కడ ఎండ కనపడదు, అంతా మబ్బు, పొగమంచు. మిరాఫ్లోరెస్ అనే పేటలో దిగితే అక్కడే ఊరి మధ్యలో వాకా పుక్లానా ఉంది, ఇంకాలకి ఎన్నో వందల ఏళ్ల ముందు కట్టిన మట్టి ఇటుకల గుట్ట. ఇటుకల్ని బీరువాలో పుస్తకాలు నిలబెట్టినట్టు నిలువుగా, సందులు వదిలి పేర్చారు, భూకంపం వచ్చినప్పుడు సర్దుకోవడానికి. ఓపిక ఉంటే అది చూడండి, లేకపోతే సముద్రం వైపు పార్కులో కూర్చోండి. ఎయిర్‌పోర్ట్‌కి మాత్రం ట్రాఫిక్‌లో గంట పైనే పట్టుద్ది, త్వరగా బయల్దేరండి.

ఇంకోటి మర్చిపోయాను, జూన్ 24న కుస్కోలో ఇంతి రైమి, సూర్యుడి పండగ, మనకి సంక్రాంతి ఎట్టానో వాళ్లకి చలికాలంలో పొద్దు తిరిగే రోజుల్లో చేసుకునేది. ఆ వారం హోటళ్లు దొరకవు, నీ కొత్త తారీఖులు దాని మీద పడితే ఇప్పుడే బుక్ చెయ్.

ముందు మాచుపిచ్చు ఎంట్రీ, తర్వాత ట్రైన్, ఆ తర్వాత పెరూ లోపలి ఫ్లైట్లు, ఈ వరసలోనే మార్చు, ఎందుకంటే ఎంట్రీ టికెట్లే ముందు అయిపోతయ్. మరాస్, మొరాయ్ లోయలో ఉన్నప్పుడే ఒక పూటలో అయిపోతయ్, కుదరకపోతే తీసెయ్. ఆదివారం ఖాళీ అయితే ల్యాప్‌టాప్ తీసుకుని బ్రాడీపేట రా, అల్లుణ్ణి కూడా తీసుకురా, ఇక్కడే భోంచేసి పెదనాన్నతో కూర్చుని తారీఖులు అన్నీ ఒకసారి చూసుకుందాం.

మీ పెద్దమ్మ