రంగు లేనిదా, ఏ రంగైనా సరేనా?

సందేహం: మిత్రులం కలిసి ఒక కార్డ్ గేమ్ తయారుచేస్తూ రూల్స్ తెలుగులో రాసుకుంటున్నాం. మాకు నమూనా ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’. ‘కలర్‌లెస్ కాస్ట్’ను ‘వివర్ణ వ్యయం’ అని, ‘కలర్ ఐడెంటిటీ’ని ‘వర్ణ గుర్తింపు’ అని రాశాం. ఒప్పేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ‘వి’ కనబడగానే ‘లేనిది’ అనేసుకున్నట్టున్నారు. ముఖం వివర్ణమైందంటే భయంతోనో దుఃఖంతోనో పాలిపోయిందని. సాత్త్విక భావాలు ఎనిమిదింటిలో వైవర్ణ్యం ఒకటి. మీ ముక్కలకు అంత కష్టమేమొచ్చింది? తేలికైన మాట నోట్లో ఉండగా నిఘంటువు దులపడం ఈమధ్య మరీ ఎక్కువైంది.

అసలు చిక్కు వేరే ఉంది. మీ నమూనా ఆటలో ముక్క ఆడాలంటే మానా అనే శక్తిని ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చు దగ్గర 2 అని అంకె ఉంటే, ఏ రంగు మానాతోనైనా రెండు కట్టొచ్చు. రంగులేని మానాయే కావాలని పట్టుబట్టే ఖర్చు ఇంకొకటి. చాలా ఏళ్లు ఆ మొదటి రకం ఖర్చుకూ, రంగులేని మానాకూ కూడా బూడిదరంగు సున్నాలో అంకే గుర్తు. 2016లో గానీ రంగులేనిదానికి విడిగా వజ్రం గుర్తు పెట్టలేదు. తెలుగులో ఆ తంటా లేదు. ‘ఏ రంగైనా’ ఒకటి, ‘ఏ రంగూ లేని’ ఇంకొకటి. మీరు ‘కలర్‌లెస్’ అంటున్నది బహుశా మొదటిదేమో, చూసుకోండి. పశువుల వన్నెలు వేరైనా పాలన్నీ ఒక్కటేనన్న వేమన లెక్క అది. అలా రంగు అడగని ముక్క ఎవరి కట్టలోకైనా దూరుతుంది. అందుకే అదే పని చేసే రంగు ముక్క కంటే దానికి ధర కాస్త ఎక్కువ పెట్టాలి.

వన్నె అన్నాను కదా, ఆ మాటను వదలబుద్ధి కావడం లేదు. వర్ణమే మన నోట్లో అరిగి వన్నె అయింది. అరిగి చిన్నబోలేదు, కొత్త బరువు తెచ్చుకుంది. కంసాలి బంగారాన్ని గీటురాయి మీద గీసి, ఆ గీత రంగును బట్టి దాని మేలు చెప్పేవాడు. పదహారు వన్నెల బంగారమంటే మేలిమి. పైకి కనబడే మెరుపుతో పని లేదు, లోపల ఏముందో గీత చెప్పాలి.

మీ ‘ఐడెంటిటీ’ కూడా అంతే. అలేషా అనే ముక్క ఖర్చు చూస్తే ఎరుపే. కింద రాతలో తెలుపు, నలుపు గుర్తులున్నాయి. అదే ఆటను నూరు ముక్కల కట్టతో ఆడే కమాండర్ అనే పద్ధతిలో ఆమె నాయకురాలైతే ఆ మూడు రంగులూ కట్టలోకి రావచ్చు. దీన్ని ‘గుర్తింపు’ అంటే ఆధార్ కార్డు గుర్తొస్తుంది. ‘వర్ణం’ అంటే అక్షరమా, కులమా, సంగీత కచేరీలో మొదట పాడేదా? నన్నడిగితే పైరంగును ‘రంగు’ అని, ఈ లోపలిదాన్ని ‘వన్నె’ అని అంటాను. ఆడేవాళ్ల నోటికి పట్టకపోతే ‘కలర్ ఐడెంటిటీ’ అనే ఉంచుకోండి, కొంపలేం మునగవు.

ఇంకొక్కటి. ‘పచ్చ’ అని ఊరుకోక ‘ఆకుపచ్చ’ అని పూర్తిగా రాయండి, పసుపు అనుకునేవాళ్లున్నారు. నీలం సంగతి సరేసరి, తిరుపతి కొండ మీద ఇచ్చే తలనీలాలు నల్లటివే.