గడ్డి ఏపుగా ఉన్నా గేదెలు గోడలు ఎందుకు నాకుతున్నాయి?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా గజపతినగరం దగ్గర పల్లె. అర ఎకరం ఎర్రనేలలో సూపర్ నేపియర్ గడ్డి వేశాను. కోసిన ప్రతిసారీ బస్తా యూరియా, అర బస్తా పొటాష్ చల్లుతున్నాను. పచ్చగడ్డి, వరిగడ్డే మేత. గడ్డి ఏపుగా ఉంది గానీ పాడి గేదెలు రెండూ గోడలు నాకుతున్నాయి, గుడ్డలు నములుతున్నాయి. ఒకటి ఎదకు రావడం లేదు. ఎరువుల వల్ల గడ్డిలో లవణాలు తగ్గుతాయా?

జవాబు: తగ్గుతాయి. అర ఎకరానికి కోతకు 20 కిలోల యూరియా చాలు. మీ 45 కిలోల బస్తా రెండింతల పైమాటే. యూరియాతో గడ్డి బరువు పెరుగుతుంది, నేలలోని భాస్వరం, జింకు పెరగవు. ఉన్న కాస్తా ఎక్కువ గడ్డికి పంచినట్టవుతుంది, పాలలో నీళ్లు కలిపినట్టే.

అంతకన్నా అనుమానం పొటాష్ మీద. నేపియర్ దాన్ని అవసరానికి మించి పీల్చేస్తుంది. ఆ మేరకు మెగ్నీషియం, సోడియం గడ్డిలోకి ఎక్కవు. అసలే ఈ గడ్డిలో సోడియం తక్కువ, అందుకే గోడలు నాకడం. గుడ్డలు నమలడం ఎక్కువగా భాస్వరం లోపానికి గుర్తు (నులిపురుగులున్నా నములుతాయి, పేడ పరీక్ష చేయించండి). పులుపు గుణమున్న ఎర్రనేలలో ఇనుము భాస్వరాన్ని పట్టేసి గడ్డికి అందనివ్వదు. వరిగడ్డిలోనూ అది తక్కువే. నేపియర్‌లోని ఆక్సలేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని పశువుకు అందకుండా కట్టేస్తాయి, లేత గడ్డిలో ఇవి మరీ ఎక్కువ.

రైతు సేవా కేంద్రంలో మట్టి పరీక్షకు ఇవ్వండి. ఫలితం వచ్చేదాకా పొటాష్ ఆపండి. పూర్తిగా మానేయమనడం లేదు, కోతకోతకూ నేపియర్ నేలలోంచి పొటాష్ లాగేస్తుంది. పశువుల మూత్రం, పేడనీళ్లు మడిలోకి పారిస్తే కొంత తిరిగి వస్తుంది. భాస్వరానికి డీఏపీ కన్నా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ మేలు. 50 కిలోల బస్తాలో 8 కిలోల భాస్వరంతో పాటు గంధకం, కాల్షియం కూడా వస్తాయి. జింకు తక్కువని తేలితే అర ఎకరానికి 10 కిలోల జింకు సల్ఫేట్ వేయండి. సూపర్ ఫాస్ఫేట్‌తో కలిపి వేస్తే జింకు గడ్డికి సరిగా అందదు, వారం ఎడం ఇవ్వండి. నేల పులుపు తగ్గించే సున్నం మాత్రం ఉదజని సూచిక (పీహెచ్) 6 లోపు ఉంటేనే, అదీ కొలత ప్రకారమే. ఎక్కువైతే జింకు, మాంగనీసు గడ్డికి దొరకవు.

గేదెలు ఇవన్నీ అయ్యేదాకా ఆగలేవు. ఒక్కోదానికి రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు దాణాలో కలపండి, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. కిలో తవుడు పెడితే భాస్వరం అందుతుంది. పచ్చమేతలో నాలుగో వంతు అలసంద గానీ దశరథ గడ్డి గానీ ఉంటే కాల్షియం లోటు తగ్గుతుంది. యూరియా చల్లిన మూడు వారాల్లోపు గడ్డి కోయకండి, కాడల్లో పశువులకు విషమయ్యే నైట్రేట్లు ఉంటాయి.

ఎదకు రాని గేదెకు గర్భకోశ పరీక్ష చేయించండి. ఈనిన కొద్ది వారాల్లో ఏ గేదెకైనా మూత్రం కాఫీ రంగులో వస్తే అది తీవ్రమైన భాస్వరం లోపం కావచ్చు, మిశ్రమంతో సరిపెట్టక అదే రోజు పశువైద్యుణ్ని పిలవండి.