విరాళాలు సరే, లాభం ఎలా వచ్చింది?

ప్రశ్న: ఒక కంపెనీ చట్టాన్ని పాటిస్తోంది, పన్నులు కడుతోంది, బడులూ ఆసుపత్రులూ కట్టిస్తోంది. ఇంతకంటే సమాజానికి అది ఏం బాకీ?

జవాబు: బడి కట్టించడం మంచిదే, కానీ అది వేరే ఖాతా. వ్యాపార సంస్థలు, మానవ హక్కుల గురించి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2011లో 31 మార్గదర్శక సూత్రాలను ఆమోదించింది. ఒకచోట చేసిన మేలు ఇంకోచోట చేసిన హానికి చెల్లు కాదని వాటి వ్యాఖ్యానంలోనే ఉంది. హాని తానే చేసినా, ఇంకొకరు చేసేదానికి తోడ్పడినా, తన సరుకు తయారుచేసే సరఫరాదారు దగ్గర జరిగినా కంపెనీ పట్టించుకోవాల్సిందే. మూడోదాని దగ్గరే "ఆ ఫ్యాక్టరీ మాది కాదు" అంటూ చాలామంది తప్పుకుంటారు. లాభమే ధ్యేయం అనేవాళ్లు ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970 నాటి వ్యాసాన్ని చూపిస్తారు. చట్టంతోపాటు నైతిక ఆచారానికీ లోబడే సంపాదించాలని ఆయన అందులోనే పెట్టిన షరతును మాత్రం ఎత్తరు.

ప్రశ్న: మా సంస్థ బయటి ఫ్యాక్టరీల్లో బట్టలు కుట్టిస్తుంది. అక్కడి పరిస్థితులపై ఏటా తనిఖీ (ఆడిట్) చేయిస్తున్నాం. చాలదా?

జవాబు: చాలదు. కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీకి 2012లో పని పరిస్థితులు బాగున్నాయని ప్రమాణపత్రం వచ్చిన కొన్ని వారాలకే అగ్నిప్రమాదం జరిగి 250 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడు ఢాకా దగ్గర, బట్టల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం వంతు. ఏప్రిల్ 23న స్తంభాల్లో పగుళ్లు కనబడ్డాయి. కింది అంతస్తులోని బ్యాంకు తన సిబ్బందిని ఇంటికి పంపేసింది. కుట్టుపనివాళ్లను మాత్రం మర్నాడు పొద్దున్నే లోపలికి పిలిచారు. కరెంటు పోయింది, పై అంతస్తుల్లో జనరేటర్లు ఆన్ అయ్యాయి, కాసేపటికే భవనం కూలింది. 1,100 మందికి పైగా పోయారు.

ఆడిట్ ఎందుకు తప్పుతుందంటే, తేదీ ముందే తెలుస్తుంది, జీతాల రిజిస్టర్లు రెండు రకాలుగా రాసి ఉంచుతారు, కార్మికులను మేనేజర్ ఎదుటే ప్రశ్నిస్తారు. భవనం ఎంత బరువు మోయగలదో చెక్‌లిస్టులో ఉండదు. దానికి స్ట్రక్చరల్ ఇంజనీరు కావాలి. చెప్పకుండా వెళ్లండి, కార్మికులతో ఫ్యాక్టరీ బయట మాట్లాడించండి, నివేదికను బయటపెట్టండి.

అంతకంటే ముందు మీ ఆర్డర్ కాగితం చూసుకోండి. ఆర్డర్ ఇచ్చాక డిజైన్ మార్చి, డెలివరీ తేదీ మాత్రం మార్చకపోతే ఆ రోజులు ఎక్కడినుంచి వస్తాయి? రాత్రి ఓవర్‌టైమ్ నుంచి, లేదా మీకు తెలియని చిన్న షెడ్డుకు పని మళ్లించడం నుంచి. ధరలో కూలి భాగాన్ని విడిగా రాయించి, బేరం దానిమీద ఆడకండి. లోపం దొరగ్గానే ఆర్డర్ రద్దు చేస్తే వీధిన పడేది కార్మికులే. గడువు పెట్టండి, మరమ్మతు ఖర్చులో పాలు పంచుకోండి. గడువు దాటినా కదలకపోతే అప్పుడు వదిలేయండి.

ప్రశ్న: ప్రమాదం జరిగితే మొదట ఏం చేయాలి?

జవాబు: అమ్మకం ఆపి, జనానికి చెప్పాలి. తప్పెవరిదో తర్వాత తేల్చుకోవచ్చు. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో టైలెనాల్ అనే నొప్పి మందు గుళికల్లో సయనైడ్ కలపడంతో ఏడుగురు మరణించారు. విషం కలిసింది ఫ్యాక్టరీలో కాకపోయినా ఆ మందు కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్ సుమారు 3.1 కోట్ల సీసాలను వెనక్కి తీసుకుంది, తెరిస్తే తెలిసిపోయే సీళ్లతో మళ్లీ అమ్మింది.

ఇక ఫిర్యాదుల సంగతి. నివేదికలో సున్నా ఉంటే సంతోషించకండి. ఫిర్యాదు నంబరు ఫ్యాక్టరీ గోడమీద కార్మికుల భాషలో ఉందా, పేరు చెప్పకుండా ఫోన్ చేయవచ్చా అన్నది ముందు చూడండి.