టెక్ సందేహాలు: టీవీ 4కె, కచేరీ 1985

ఈ వారం ఉత్తరాల్లో పాటల పిచ్చివాళ్లవే ఎక్కువ. ఆ పిచ్చి నాకూ ఉంది కాబట్టి ఫోన్ వేడెక్కడం, పాస్‌వర్డ్ మర్చిపోవడం లాంటి ప్రశ్నల్ని వచ్చే వారానికి నెట్టేశాను.

ప్రశ్న: సార్, కొత్తగా 55 అంగుళాల 4కె టీవీ కొన్నాను. యూట్యూబ్‌లో మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ పెడితే నిన్నగాక మొన్న తీసినట్టుంది. క్వీన్ బృందం లైవ్ ఎయిడ్ కచేరీ పెడితే మాత్రం మొహాలన్నీ అలికేసినట్టున్నాయి. రెండూ దాదాపు ఒకే కాలానివి కదా! నెట్ 100 ఎంబీపీఎస్ వస్తోంది. లోపం టీవీదా, నెట్‌దా? (కాకినాడ నుంచి)

జవాబు: రెండింటిదీ కాదు. కెమెరాలో ఏం పెట్టి తీశారన్నదే తేడా. 1983లో వచ్చిన ‘థ్రిల్లర్’ను జాన్ లాండిస్ సినిమా తీసినట్టే 35 ఎంఎం ఫిల్ము మీద తీశాడు. ఫిల్ములో పిక్సెళ్లు, అంటే డిజిటల్ బొమ్మలోని చుక్కలు, ఉండవు. నెగెటివ్ చెడిపోకుండా దాచుకుంటే ఇప్పటి స్కానర్ అందులోంచి 4కెకు సరిపడా వివరం లాగగలదు. లైవ్ ఎయిడ్ సంగతి వేరు. 1985 జులై 13న లండన్ వెంబ్లీ స్టేడియం నుంచి అది టీవీలో ప్రత్యక్ష ప్రసారం. అన్నీ టీవీ కెమెరాలే, మిగిలింది వీడియో టేపే. అక్కడి టీవీది పాల్ (PAL) అనే ప్రసార పద్ధతి, మన దూరదర్శన్‌దీ అదే. అందులో బొమ్మకు దక్కేవి 576 గీతలు. డిజిటల్ లెక్కలో 720×576, అంటే నాలుగు లక్షల పైచిలుకు చుక్కలు. మీ టీవీలో రెండు పక్కలా నల్ల పట్టీలు పోను, ఆ బొమ్మ పరుచుకునే చోట 62 లక్షల చుక్కలున్నాయి. ప్రతి 15 చుక్కల్లో ఒక్కటే వెంబ్లీ నుంచి వచ్చింది. మిగతా 14 మీ టీవీ ఇరుగుపొరుగు చుక్కల్ని చూసి ఊహించి నింపినవి. 21 అంగుళాల పాత డబ్బా టీవీలో ఇదే కచేరీ కళకళలాడింది, ఎందుకంటే దానికి అంతకు మించి అక్కర్లేదు.

ఏడాదిని బట్టి అంచనా వేయకండి. క్వీన్ వీడియోలనే వరసగా చూడండి, భలే తమాషాగా ఉంటుంది. 1975 నాటి ‘బొహీమియన్ రాప్సొడీ’ వీడియో టేపు మీద తీసింది, కాబట్టి ఎన్ని సబ్బులు పెట్టి తోమినా కొంత మసక తప్పదు. 1981 నవంబరులో కెనడాలోని మాంట్రియల్‌లో ఇచ్చిన కచేరీని మాత్రం 35 ఎంఎం ఫిల్ము మీద తీశారు. 2024లో దాన్ని ఐమాక్స్ తెరల మీద వేశారంటే ఎంత వివరం ఉందో ఊహించుకోండి. క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ నుదుటి మీద చెమట చుక్కలు లెక్కపెట్టొచ్చు. నాలుగేళ్లు ముందుది, కానీ లైవ్ ఎయిడ్ కన్నా పదేళ్లు కొత్తదిలా ఉంటుంది. టాకింగ్ హెడ్స్ బృందం 1983 డిసెంబరులో హాలీవుడ్‌లో ఇచ్చిన కచేరీల మీద జొనాథన్ డెమీ తీసిన ‘స్టాప్ మేకింగ్ సెన్స్’ కూడా ఫిల్మే. 2023లో 4కెలో మళ్లీ విడుదలైంది. మీ టీవీ సత్తా చూడాలంటే అది పెట్టండి. ప్రేక్షకుల్ని పదేపదే చూపించి విసిగించకుండా వేదిక మీదే నిలిచిన కెమెరా నాకు మహా ఇష్టం.

ఇక సెట్టింగులు. లైవ్ ఎయిడ్ లాంటివి చూసేటప్పుడు షార్ప్‌నెస్ తగ్గించండి. పెంచితే పదును రాదు, టేపు మీది గరుకు పెరుగుతుంది. బొమ్మను పాత టీవీల ఆకారమైన 4:3లోనే ఉంచండి. తెర నిండాలని సాగదీస్తే గిటారు వాయించేవాళ్లందరికీ పొట్టలొస్తాయి. ‘ఏఐ 4కె’ అని తగిలించిన వీడియోల జోలికి వెళ్లకపోవడం మంచిది. అందులో ఊహించి నింపడం ఇంకో మెట్టు పైకెళ్లి, మొహాలు మైనపు బొమ్మల్లా నున్నగా తయారవుతాయి. మసకగా ఉన్న నిజమైన మొహమే నాకు నయం.

ప్రశ్న: గచ్చిబౌలిలో ఒక కచేరీకి ఏడు వేలు పెట్టి వెళ్లాను. ఫోన్‌లో తీసిన వీడియోల్లో పాట బదులు బరబరమని చప్పుడు. గాయకుడి మొహం తెల్లటి మచ్చ. వెనక ఎల్‌ఈడీ తెర నిండా నల్ల చారలు. ఏదైనా యాప్‌తో బాగుచెయ్యొచ్చా? (హైదరాబాద్ నుంచి)

జవాబు: యాప్‌తో కుదరదు. మొహం, తెర, పాట, మూడూ తీసేటప్పుడే పోయాయి. మైకు పట్టగలిగిన దానికన్నా గట్టిగా శబ్దం వస్తే తరంగం తల తెగిపోతుంది. డీ-క్లిప్ అనే పనిముట్లు తెగిన చోట నున్నగా చేస్తాయి గానీ తలను తిరిగి తేలేవు.

ఈసారి వెళ్లినప్పుడు స్పీకర్ల గుట్ట పక్కన నిలబడకండి. సౌండ్ ఇంజినీరు బల్ల ఎక్కడుందో చూసి దాని చుట్టుపక్కల చోటు చూసుకోండి. అతను వింటున్నదే మీకూ వినిపిస్తుంది. ఫోన్ అడ్డంగా పట్టుకుంటే కింది మైకు అరచేతిలో పడిపోతుంది, చాలామంది వీడియోలు చెడేది అక్కడే. ఫోన్‌లోని మామూలు కెమెరా మనుషుల మాటలకు తగ్గట్టు శబ్దాన్ని తనే పెంచుతుంది, తగ్గిస్తుంది. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే యాప్ ఉచితం, ఐఫోన్‌కూ ఆండ్రాయిడ్‌కూ ఉంది. అందులో మైకు స్థాయిని చేత్తో తగ్గించుకోవచ్చు. మీటర్ ఎరుపులోకి పోకుండా చూస్తే చాలు. షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు పెడితే చాలాసార్లు ఎల్‌ఈడీ చారలు తగ్గుతాయి. మామూలు కెమెరాతోనే తీస్తానంటే గాయకుడి మొహం మీద కాసేపు వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) లాక్ చేసి, కొంచెం కిందికి లాగండి.

ఐఫోన్‌లో 4కె 60 ఫ్రేములైతే నిమిషానికి 400 ఎంబీ తింటుంది, 1080పీ 30 ఫ్రేములైతే 60 ఎంబీ. రెండు గంటల కచేరీ మొత్తం తీసి ఎవరు చూస్తారు చెప్పండి? నా ఫోన్‌లోనూ అలాంటివి మూలుగుతున్నాయి, ఒక్కటీ రెండోసారి తెరవలేదు. ఇష్టమైన పాట ఒకటి తీసుకుని ఫోన్ జేబులో పెట్టెయ్యండి. మీ వెనకాయన కూడా ఏడు వేలు పెట్టాడు, మీ ఫోన్ తెర చూడ్డానికి కాదు.

ఇంకో మాట. మైకు తట్టుకోలేని చప్పుడు మీ చెవులూ విన్నాయి. ఇలాంటి చోట్ల సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఇయర్‌ప్లగ్స్ జేబులో వేసుకెళ్లండి.

ప్రశ్న: మా నాన్నగారు 90ల్లో దూరదర్శన్‌లో వచ్చిన కర్ణాటక సంగీత కచేరీలు వీహెచ్‌ఎస్ క్యాసెట్లలో రికార్డు చేసుకున్నారు. అటక మీద ఇరవై దొరికాయి. కంప్యూటర్లోకి ఎక్కించడం ఎలా? (వరంగల్ నుంచి)

జవాబు: ముందు క్యాసెట్ల కిటికీలోంచి టేపు చుట్టను చూడండి. తెల్లటి పొడో, బూజు దారాలో కనిపిస్తే దాన్ని వీసీఆర్‌లో పెట్టొద్దు. హెడ్డుకు అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. అలాంటివి పక్కన పెట్టి, శుభ్రం చేసేవాళ్లకే ఇవ్వండి. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టాకే ప్లే చెయ్యండి.

వీసీఆర్ కొత్తది దొరకదు, ఆఖరుదాకా తయారు చేసిన ఫునాయి కూడా 2016లో ఆపేసింది. పాతది పనిచేసేది సంపాదించి, పసుపు, తెలుపు, ఎరుపు వైర్లను యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి కలపండి. రికార్డు చెయ్యడానికి ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో పద్ధతి పాల్ అనే పెట్టండి, అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీ పెడితే రంగులు పోవచ్చు, బొమ్మ దొర్లొచ్చు. డీఇంటర్లేసింగ్ (వంతులవారీగా వచ్చే గీతల్ని నిండు బొమ్మగా చెయ్యడం) దగ్గర యాడిఫ్ 2ఎక్స్, ఫ్రేములు 50 ఎంచుకుంటే వీణ మీద వేళ్లు దువ్వెన పళ్లలా చీలకుండా కనిపిస్తాయి. గంట క్యాసెట్టుకు గంటే పడుతుంది, అడ్డదారి లేదు. అయ్యాక క్యాసెట్లు పారెయ్యకండి. రేపు ఇంతకన్నా మంచి పరికరం దొరకొచ్చు.

ప్రశ్న: టీవీలో పాట చూస్తూ బ్లూటూత్ స్పీకర్లో వింటే పెదవులు ముందు, పాట వెనక. (తెనాలి నుంచి)

జవాబు: శబ్దాన్ని కుదించి, పంపి, మళ్లీ విప్పడానికి బ్లూటూత్‌కు పట్టే సమయం అది. టీవీ సౌండ్ సెట్టింగుల్లో ‘ఏవీ సింక్’ లాంటిది ఉంటే సర్దండి. లేకపోతే వైరే గతి.

ప్రశ్న: యూట్యూబ్‌లో 4కె పెడితే పాట కూడా బాగా వినిపిస్తుందా? (బెంగళూరు నుంచి)

జవాబు: లేదు. యూట్యూబ్‌లో బొమ్మ, శబ్దం విడివిడిగా వస్తాయి. 1080పీలో వినిపించేదే 4కెలోనూ వినిపిస్తుంది. బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ వినేటప్పుడు 480పీ పెట్టుకుంటే డేటా మిగులుతుంది.